ఆర్టెమిస్-1 ఫొటోల్లో భూమి: సైజు, కళ, మన దేశం ఎదురుగా ఉన్న గంట

తారాపథం
నాసా మనుషుల్లేకుండా చంద్రుడి దాకా పంపిన ఆర్టెమిస్-1లో ఒరాయన్ నౌక పంపిన ఫొటోలు తేదీల వరసన పెట్టి చూస్తున్నాను. 2022 నవంబర్ 16 ఫొటోలో భూమి పెద్దగా ఉంది. 28న చంద్రుడి పక్కన చిన్న నీలం బంతి అయింది. డిసెంబర్ 5కి నెలవంకలా సన్నబడింది. సైజు తగ్గడం దూరం వల్లే అనుకున్నా, ఆకారం మారిన లెక్క ఏమిటి? ఈ ఫొటోల్లో ఎక్కడైనా మన దేశం కనిపిస్తుందా? ఊరికే "కనిపిస్తుంది" అనకుండా, ఎవరికి వాళ్లు లెక్క కట్టుకునే దారి చెప్తే బాగుంటుంది.

కక్ష్య_కిరణ్
ముందు సైజు సంగతి. ప్రయాణంలో దూరాలు ఇవీ:

నవంబర్ 16, మన టైము మధ్యాహ్నం 12:17కి కెన్నెడీ స్పేస్ సెంటర్ 39బీ లాంచ్ ప్యాడ్ నుంచి లాంచ్. తొమ్మిది గంటలు దాటాక సుమారు 92 వేల కి.మీ. దూరంలో మొదటి భూమి ఫొటో. 21న చంద్రుడి ఉపరితలానికి 130 కి.మీ. ఎత్తులో మొదటి ఫ్లైబై (పక్కనుంచి దూసుకుపోవడం). 25న డిస్టెంట్ రెట్రోగ్రేడ్ కక్ష్యలోకి (చంద్రుడికి దూరంగా, ఎదురు దిశలో తిరిగే దారి) ప్రవేశం. 28న అన్నిటికంటే దూరం, 4,32,210 కి.మీ. డిసెంబర్ 1న ఆ కక్ష్య నుంచి బయటికి, 5న 127 కి.మీ. ఎత్తులో రెండో ఫ్లైబై, 11న పసిఫిక్‌లో దిగడం.

భూమి వ్యాసం 12,742 కి.మీ. దాన్ని దూరంతో భాగించి 57.3తో హెచ్చిస్తే ఆకాశంలో ఎన్ని డిగ్రీల వెడల్పుగా కనిపిస్తుందో వస్తుంది. 28న 12,742 ÷ 4,32,210 × 57.3 = 1.69 డిగ్రీలు. మొదటి ఫొటో నాటికి దాదాపు ఎనిమిది డిగ్రీలు. మనకు ఇక్కడి నుంచి చంద్రుడు అర డిగ్రీ. అంటే అత్యంత దూరాన కూడా భూమి మన పున్నమి చంద్రుడికి మూడింతలు పైగా వెడల్పు. చెయ్యి బారుగా చాస్తే బొటనవేలి వెడల్పు దాదాపు రెండు డిగ్రీలు, దాని వెనక భూమి మొత్తం దాగిపోతుంది.

నెల్లూరు_గగన్
అన్నా, ఇక్కడే ఒక డౌటు. 28 నాటి ఫొటోలో చంద్రుడు భూమికంటే పెద్దగా ఉన్నాడు. దాన్నే పట్టుకుని వాట్సాప్ గ్రూపుల్లో "గ్రాఫిక్స్" అని తిప్పుతున్నారు. భూమి చంద్రుడికి దాదాపు నాలుగింతలు కదా?

కక్ష్య_కిరణ్
తమ్ముడూ, అదే ఫార్ములా చంద్రుడికీ వెయ్యి. వ్యాసం 3,474 కి.మీ. ఆ రోజు ఒరాయన్ చంద్రుడికి అవతలి వైపు, సుమారు 70 వేల కి.మీ. దూరంలో ఉంది. 3,474 ÷ 70,000 × 57.3 = 2.8 డిగ్రీలు. భూమి 1.7. ఫొటోలో నిష్పత్తి దాదాపు అయిదుకు మూడు రావాలి. ఫొటో మీద స్కేలు పెట్టి కొలిచి చూపించు, వాదన అక్కడితో ఆగుతుంది. చంద్రుడు అంత వెడల్పుగా ఉన్నాడు కాబట్టే ఒరాయన్ నుంచి చూస్తే భూమిని పూర్తిగా మూసేయగలడు. మనకు సూర్యగ్రహణంలో చంద్రుడు సూర్యుణ్ణి అంచుకు అంచు సరిపోయేలా మూస్తాడు, అక్కడ మాత్రం బోలెడు మిగులుతాడు.

లెన్స్_లక్ష్మి
డిగ్రీలు తేలాయి కాబట్టి పిక్సెళ్లలోకి మారుద్దాం. ఫొటో చూసి చాలామంది నిరాశపడేది ఇక్కడే.

ఒరాయన్ మీద, లోపల కలిపి 16 కెమెరాలు. మనం ఎక్కువగా చూసిన "సెల్ఫీ" ఫొటోలు నాలుగు సోలార్ రెక్కల చివర ఉన్నవాటివి. ఒక్కో రెక్క సుమారు 7 మీటర్లు. చివరన ఉన్నది అంతరిక్షానికి తగ్గట్టు బాగా మార్చిన గోప్రో హీరో4 బ్లాక్. అది వైఫై మీద నౌకలోని కంట్రోలర్‌తో మాట్లాడుతుంది. రెక్క సూర్యుడి కోసం తిరుగుతుంటే దానితో పాటు కెమెరా చూపు కూడా మారుతుంది, అందుకే నౌక ఒక్కో ఫొటోలో ఒక్కో కోణంలో ఉంటుంది.

వీటి అసలు పని భూమిని తీయడం కాదు. నౌక ఒంటి మీద దెబ్బలేమైనా తగిలాయా, రెక్కలు సరిగా విచ్చుకున్నాయా, థ్రస్టర్లు మండుతుంటే ఏం జరుగుతోంది అని చూడటం. అందుకే వెడల్పు లెన్స్. సుమారు 120 డిగ్రీల దృశ్యం 4,000 పిక్సెళ్ల అడ్డంలో పడుతుందనుకుంటే డిగ్రీకి 33 పిక్సెళ్లు. 28 నాటి భూమికి దక్కేది 56 పిక్సెళ్లు, చంద్రుడికి 94. అంత చిన్న బంతిలో ఖండాల అంచులు వెతకడం దండగ, మబ్బుల గుంపులు లీలగా తెలిస్తే గొప్ప.

120 అన్నది గుడ్డిగా నమ్మొద్దు. లెన్స్ మోడ్ ఇరుకుగా పెట్టినా, ఫొటో కత్తిరించి విడుదల చేసినా లెక్క మారుతుంది. ఫైలులో భూమి వ్యాసం ఎన్ని పిక్సెళ్లో కొలిచి, ఆ రోజు కోణంతో భాగిస్తే ఆ ఫొటో అసలు స్కేలు వస్తుంది. వ్యాసాన్ని వెలుగు కొమ్ము నుంచి కొమ్ముకు కొలవాలి. వెలుగు-చీకటి గీత నుంచి కొలిస్తే తప్పు వస్తుంది. ఫ్రేము అంచున లెన్స్ సాగదీస్తుంది కాబట్టి భూమి మధ్యలో ఉన్న ఫొటోనే ఎంచుకోండి.

నెల్లూరు_గగన్
అక్కా, ఆ గ్రూపుల్లో రెండో మాట నక్షత్రాలు లేవని.

లెన్స్_లక్ష్మి
భూమి మీద పడేదీ మన పెరట్లో పడేదీ ఒకే ఎండ, సూర్యుడి నుంచి దూరం దాదాపు ఒకటే. కాబట్టి ఫొటోగ్రాఫర్లు వాడే ఎండ సూత్రం అక్కడా పనిచేస్తుంది: ఎఫ్16, ఐఎస్ఓ 100, సెకనులో వందో వంతు. ఈ కెమెరా అపర్చర్ ఎఫ్2.8, మార్చడానికి లేదు. అయిదు స్టాపులు (ఒక్కో స్టాపుకి వెలుగు రెట్టింపు) తేడా, అంటే షట్టర్ 1/3200 సెకను. నక్షత్రాలు పడాలంటే అదే లెన్స్‌కి ఐఎస్ఓ 3200, పది సెకన్లు అయినా కావాలి. షట్టర్‌లో 32 వేల రెట్లు, ఐఎస్ఓలో 32 రెట్లు, కలిపితే పది లక్షల రెట్లు తేడా. రెండూ ఒకే ఫొటోలో పడే అవకాశమే లేదు.

దీని కంటే ఆసక్తికరమైన ఇబ్బంది వేరే ఉంది. ఆటో ఎక్స్‌పోజర్ ఫ్రేము సగటు చూస్తుంది. ఫ్రేములో ముప్పావు భాగం నల్లటి అంతరిక్షమైతే "చీకటిగా ఉంది" అనుకుని వెలుగు పెంచుతుంది, భూమి తెల్లటి ముద్ద అయిపోతుంది. వెండి రంగు క్రూ మాడ్యూల్ (వ్యోమగాములు కూర్చునే భాగం) ఎండలో ఎక్కువ మేర ఉంటే సగటు పైకి లేచి, కెమెరా వెలుగు తగ్గించి, భూమి నీలంగా నిలబడుతుంది. ఒకే రోజు తీసిన రెండు ఫొటోల్లో భూమి రంగు వేరుగా ఉండటానికి సాధారణంగా ఇదే కారణం. పైగా భూమి తన మీద పడిన వెలుగులో 30 శాతం తిప్పి పంపుతుంది, చంద్రుడు 12 శాతం. చంద్రుడు చక్కగా వచ్చిన ఫొటోలో భూమి ఒక స్టాపు పైనే వెలిగిపోతుంది. ఇద్దరూ బాగా వచ్చిన ఫ్రేము దొరికితే దాచుకోండి.

పంచాంగం_ప్రసాద్
తారాపథం గారూ, ఆకారం సంగతి నేను చెప్తా. దీనికి మన గోడ మీది క్యాలెండర్ చాలు.

చంద్రుడి దగ్గర నిలబడి చూస్తే భూమి కళ, ఇక్కడి నుంచి మనకు కనిపించే చంద్రకళకు సరిగ్గా తిరగేసి ఉంటుంది. మనకు అమావాస్య అయితే అక్కడ నిండు భూమి. మనకు పున్నమి అయితే అక్కడ భూమి చీకటి. ఒక్కో తిథి అంటే సూర్యచంద్రుల మధ్య 12 డిగ్రీల ఎడం. ఆ ఎడానికి కొసైన్ తీసి, ఒకటి కలిపి, రెండుతో భాగిస్తే భూమిలో వెలుగు భాగం.

నవంబర్ 24 తెల్లవారుజామున 4:27కి కార్తీక అమావాస్య ముగిసింది. మొదటి ఫ్లైబై 21 సాయంత్రం, బహుళ త్రయోదశి. అమావాస్యకు 33 డిగ్రీల ముందు. కొసైన్ 0.84, భూమి 92 శాతం వెలుగు. అత్యంత దూరం చేరింది మనకు 29 తెల్లవారుజామున రెండున్నర దాటాక, సుబ్బరాయ షష్ఠి రోజున. ఎడం 66 డిగ్రీలు, భూమి 70 శాతం. రెండో ఫ్లైబై డిసెంబర్ 5 రాత్రి, మార్గశిర శుద్ధ త్రయోదశి. ఎడం 150 డిగ్రీలు, కొసైన్ మైనస్ 0.87, భూమి 7 శాతం లోపే. అదే మీరు చూసిన నెలవంక. వెళ్లేటప్పుడు బహుళ త్రయోదశి, వచ్చేటప్పుడు శుద్ధ త్రయోదశి. ఒకటి దాదాపు నిండు భూమి, ఇంకొకటి సన్న వంక.

కక్ష్య_కిరణ్
ప్రసాద్ గారి పద్ధతి చాలా బాగుంది. ఒక్క హద్దు గుర్తుంచుకోవాలి. అది చంద్రుడి చోటి నుంచి చూసిన లెక్క. ఫ్లైబై రోజుల్లో ఒరాయన్ చంద్రుడిని ఆనుకునే ఉంది కాబట్టి అచ్చంగా సరిపోతుంది. 28న చంద్రుడి వెనకే ఉంది కాబట్టి అప్పుడూ పర్వాలేదు. 25, డిసెంబర్ 1 ప్రాంతాల్లో మాత్రం భూమి నుంచి చూస్తే నౌక చంద్రుడికి పక్కగా పది డిగ్రీల దాకా జరిగి ఉంటుంది. అంటే దాదాపు ఒక తిథి తేడా. నవంబర్ 16, 17 ఫొటోలకూ, తిరుగు దారిలో చివరి రోజులకూ ఈ పద్ధతి వాడొద్దు, అప్పటికి నౌక చంద్రుడి దిక్కులో లేదు.

గోదావరి_గ్రహం
మరి ఇండియా? 28 నాటి ఫొటోలో మన దేశం ఉందని ఒక పేజీలో బాణం గుర్తు పెట్టి చూపించారు.

కక్ష్య_కిరణ్
అత్యంత దూరం చేరిన క్షణంలో లేదు. సూత్రం సులువు: చంద్రుడు మీ ఆకాశంలో ఉంటేనే చంద్రుడి పక్కనున్న కెమెరాకు మీరు ఎదురుగా ఉంటారు. తెల్లవారుజామున రెండున్నరకు షష్ఠి చంద్రుడు మనకు ఎప్పుడో అస్తమించాడు. ఆ క్షణంలో చంద్రుడి కింద ఉన్నది సుమారు 73 డిగ్రీల పశ్చిమ రేఖాంశం, అంటే అమెరికా ఖండాలు. మన దేశం భూమికి అవతలి వైపు. అదే 28న మన టైము సాయంత్రం నాలుగు ప్రాంతంలో అయితే చంద్రుడు మనకు నడినెత్తి రేఖ దాటుతున్నాడు, ఎండ కూడా ఉంది. మన దేశం పగటి వెలుగులో కెమెరా వైపు తిరిగి ఉన్నది అప్పుడు. కాబట్టి ఫొటో తేదీ ఒక్కటే చూస్తే చాలదు, గంట తెలియాలి. గంటకు భూమి 15 డిగ్రీలు తిరిగిపోతుంది.

21 సాయంత్రం ఫ్లైబైకి కూడా మనం లేము, ఎదురుగా ఉన్నది దక్షిణ అమెరికా తూర్పు కొస, అట్లాంటిక్.

ఇక డిసెంబర్ 5. రెండో ఫ్లైబై ఇంజన్ బర్న్ 16:43 యూటీసీకి (మన టైముకి అయిదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక టైము), 3 నిమిషాల 27 సెకన్లు. మనకు రాత్రి 10:13. ఆ సమయానికి చంద్రుడు సుమారు 77 డిగ్రీల తూర్పు రేఖాంశానికి ఎదురుగా ఉన్నాడు. హైదరాబాద్ 78.5. అంటే తెలుగు నేల దాదాపు భూగోళం నట్టనడుమ, ఒరాయన్‌కి ముఖాముఖి. కానీ రాత్రి. ఆ వంకలో వెలిగిన భాగం మన దేశం కాదు, పడమటి అంచు: సుమారు 13 పశ్చిమం నుంచి 17 తూర్పు దాకా, అంటే పశ్చిమ ఆఫ్రికా, పశ్చిమ ఐరోపా, అక్కడి సాయంకాలం. ఆ ఫొటోలో వంక పక్కన నల్లగా ఉన్న గుండ్రని ఖాళీ మధ్యలో మనం ఉన్నాం. 1/3200 సెకను షట్టర్‌కి ఊళ్ల దీపాలు పడవు.

గోదావరి_గ్రహం
ఈ రేఖాంశాలు ఎక్కడి నుంచి తీస్తున్నారు? చేత్తో కడుతున్నారా?

కక్ష్య_కిరణ్
చేత్తో కట్టొచ్చు: యూటీసీ గంటలోంచి 12 తీసేసి 15తో హెచ్చిస్తే సూర్యుడు నెత్తిన ఉన్న రేఖాంశం, పశ్చిమానికి. నవంబర్ చివర్లో ఇంకో మూడు డిగ్రీలు పశ్చిమానికి జరపండి. అక్కడి నుంచి తిథి ఎడం తూర్పుకు కలిపితే చంద్రుడి రేఖాంశం. రెండు మూడు డిగ్రీల తేడాతో వస్తుంది.

కచ్చితంగా కావాలంటే గ్రహాలు, నౌకలు ఎప్పుడు ఎక్కడున్నాయో చెప్పే నాసా జేపీఎల్ హొరైజన్స్ సైటు వాడండి, ఉచితం. అబ్జర్వర్ టేబుల్ ఎంచుకోవాలి. టార్గెట్‌గా భూమి, కోడ్ 399. పరిశీలించే చోటు దగ్గర 500@-1023 కొట్టాలి, ఆ మైనస్ 1023 అనేదే ఆర్టెమిస్-1 ఒరాయన్ నంబరు. టైము యూటీలో, మెట్టు పది నిమిషాలు. టేబుల్ సెట్టింగ్‌లలో 10, 13, 14, 15, 20 మాత్రం ఉంచండి. 10 వెలుగు శాతం, 13 కోణపు వ్యాసం, 14 కెమెరాకు ఎదురుగా ఉన్న అక్షాంశ రేఖాంశాలు, 15 సూర్యుడికి ఎదురుగా ఉన్నవి, 20 దూరం.

చాలామంది తప్పు చేసేచోట్లు మూడు. చోటు మార్చకుండా వదిలేస్తే అది భూకేంద్రం అనుకుంటుంది, భూమి నుంచి భూమిని చూడమన్నట్టై ఎర్రర్ వస్తుంది. లాంచ్ నిమిషం నుంచే టైము ఇస్తే డేటా ఉండదు, కొన్ని గంటల తరువాత నుంచి ఇవ్వండి. కోణం ఆర్క్‌సెకన్లలో ఉంటుంది, 3600తో భాగిస్తేనే డిగ్రీలు. 28 రాత్రికి 6,080 దగ్గర వస్తే మీ సెట్టింగ్ సరిగ్గా ఉన్నట్టే.

సిగ్నల్_శీను
ఫొటో గంట గురించి నేనూ ఒకటి చెప్పాలి. విడుదల చేసిన టైము, తీసిన టైము ఒకటి కావు. ఒరాయన్ ఫొటోలు ముందు తనలో దాచుకుంటుంది, డీప్ స్పేస్ నెట్‌వర్క్ (దూరపు నౌకలతో మాట్లాడే నాసా యాంటెన్నాలు) దారి ఖాళీ ఇచ్చినప్పుడు దించుతుంది. గోల్డ్‌స్టోన్, మాడ్రిడ్, కాన్‌బెర్రా: మూడు చోట్లా 34 మీటర్ల, 70 మీటర్ల డిష్‌లు, భూమి చుట్టూ దాదాపు 120 డిగ్రీల ఎడంగా. నౌక ఎప్పుడూ ఏదో ఒకదానికి కనిపిస్తుంది. ఆ దారిలో మొదటి పీట నౌక ఆరోగ్యం, ట్రాకింగ్ డేటాకి. వీడియోది చివరి పీట. లైవ్‌లో బొమ్మ మసకగా రావడం, మధ్యమధ్య తెగిపోవడం ఇందుకే. సంకేతం రావడానికి 28న 1.44 సెకన్లు పట్టింది, ఆ ఆలస్యం లెక్కలోకి రాదు. అసలు ఆలస్యం క్యూలో.

పూర్తిగా తెగిన సందర్భాలు రెండు రకాలు. 21న చంద్రుడి వెనక్కి వెళ్లినప్పుడు సుమారు 34 నిమిషాలు, అది ముందే తెలిసింది. ఇంజన్ బర్న్ కూడా ఆ చాటులోనే జరిగింది. నౌక ఇటు వచ్చాక మొదట అందిన దృశ్యాల్లో చంద్రుడి అవతల చిన్న భూమి ఉంది. 23న 47 నిమిషాలు తెగింది అనుకోకుండా, నౌకకూ నెట్‌వర్క్‌కూ మధ్య లింకు సెట్టింగ్ మారుస్తుండగా. నౌకకు ఏమీ కాలేదు.

ఆర్టెమిస్-2 ఒరాయన్ కోసం తయారు చేసిన లేజర్ లింకు సెకనుకు 260 మెగాబిట్ల దాకా పంపేలా రూపొందించారు. రేడియోతో ఇరుకైన దారిలో ఫొటోలు క్యూ కట్టాల్సిన పరిస్థితిని మార్చేది అదే.

తారాపథం
నలుపు-తెలుపు ఫొటోలు కొన్ని ఉన్నాయి, భూమి వెలిసిపోయినట్టుంటుంది. అవి పాత కెమెరావా?

కక్ష్య_కిరణ్
పాతవి కావు. అవి ఆప్టికల్ నావిగేషన్ కెమెరావి, నన్నడిగితే మొత్తం సేకరణలో అన్నిటికంటే విలువైనవి. అందం కోసం తీసినవి కావు. భూమితో సంబంధం తెగిపోతే నౌక తనెక్కడుందో తానే తెలుసుకోవడానికి తీసినవి. ఫొటోలో వెలుగు అంచును గుర్తించి దానికి దీర్ఘవృత్తం అమరుస్తారు. దాని కేంద్రం దిక్కు చెప్తుంది, వ్యాసం దూరం చెప్తుంది. పైన మనం వేసిన ఫార్ములానే తలకిందులుగా. రకరకాల దూరాల్లో, రకరకాల కళల్లో భూమినీ చంద్రుణ్ణీ తీసి ఈ పద్ధతిని సరిచూశారు.

ఇందులో చిక్కు వాతావరణం. చంద్రుడి అంచు కత్తిరించినట్టు ఉంటుంది. భూమి అంచు గాలి వల్ల, మబ్బుల వల్ల మసకగా జారిపోతుంది. అంచు 20 కి.మీ. పైకి గుర్తిస్తే వ్యాసార్థం 6,371కి బదులు 6,391 అవుతుంది, 0.3 శాతం. నాలుగు లక్షల కి.మీ. దూరంలో అది 1,200 కి.మీ. పైగా తప్పు. అందుకే గాలి మందాన్ని ముందే లెక్కలో సరిదిద్దాలి.

దిక్కు చూసే స్టార్ ట్రాకర్ల కథ వేరు. ప్రయాణం మొదట్లో వాటి రీడింగులు తేడాగా వచ్చాయి. నౌక థ్రస్టర్ల నుంచి వెలువడిన ఆవిరి ఎండలో మెరిసి ట్రాకర్ కంట్లో పడుతోందని తేల్చారు. పరికరం బాగానే ఉంది.

గోదావరి_గ్రహం
మనుషుల్లేని నౌకలు తీసిన భూమి ఫొటోల్లో దీనికి ముందువి ఏవి చూడాలి?

పంచాంగం_ప్రసాద్
1966 ఆగస్టు 23న లూనార్ ఆర్బిటర్-1 తీసింది మొదట చూడండి. చంద్రుడి దగ్గర్నుంచి భూమిని తీసిన మొదటి ఫొటో అదే. 2014 అక్టోబర్‌లో చైనా చాంగే-5 టీ1 పరీక్షా నౌక చంద్రుడి అవతలి వైపు నుంచి ఇద్దరినీ కలిపి తీసింది, ఒరాయన్ 28 నాటి ఫొటోకి పక్కన పెట్టి చూడదగ్గది. మన శ్రీహరికోట నుంచి 2023 జులై 14న బయలుదేరిన చంద్రయాన్-3 ల్యాండర్ కెమెరా లాంచ్ రోజునే భూమిని తీసింది. అది చంద్రుడి దగ్గర్నుంచి తీసింది కాదు కాబట్టి భూమి పెద్దగా ఉంటుంది, పోల్చేటప్పుడు దూరం చూసుకోండి.

నెల్లూరు_గగన్
గోడకి ప్రింట్ వేయించాలంటే ఏ ఫొటో బెటర్ అక్కా?

లెన్స్_లక్ష్మి
12 బై 18 అంగుళాలకి 200 డీపీఐ అయినా కావాలి, అంటే 3,600 పిక్సెళ్లు. నాసా గ్యాలరీలో అసలు సైజు ఫైలు దించుకో, వాట్సాప్‌లో వచ్చింది వద్దు, అది కుదించి పంపుతుంది. భూమిని మాత్రం కత్తిరించి పెద్దది చేయకు, 56 పిక్సెళ్లు 200 డీపీఐకి పావు అంగుళం కంటే కాస్త ఎక్కువ, అంతే. నౌక, రెక్క, చంద్రుడు, భూమి అన్నీ ఉన్న ఫ్రేము మొత్తంగా వేయించు. షార్పెనింగ్ పెంచితే భూమి చుట్టూ తెల్లటి వలయం వస్తుంది, అది గాలి పొర అనుకుంటారు జనం. ల్యాబ్ వాళ్లకి ఆటో కరెక్షన్ ఆపమని చెప్పు. లేకపోతే నల్లటి ఆకాశాన్ని బూడిద రంగులోకి లేపేస్తుంది.

తారాపథం
హొరైజన్స్‌లో డిసెంబర్ 5, 16:43కి పెట్టాను. 14వ కాలమ్‌లో రేఖాంశం 77 దగ్గర వచ్చింది, 15వ దానిలో 287 వచ్చింది. రెండోది అర్థం కాలేదు.

కక్ష్య_కిరణ్
అది తూర్పు దిక్కుగా 360 దాకా లెక్కపెడుతుంది. 360లోంచి 287 తీస్తే 73 పశ్చిమం, సూర్యుడు అక్కడ నెత్తిన ఉన్నాడు. రెండింటి మధ్య ఎడం 150, త్రయోదశి లెక్కతో కలిసింది. ఇప్పుడు 28కి పెట్టి, 08:00 నుంచి 12:00 యూటీసీ దాకా పది నిమిషాల మెట్టుతో తీయండి. 14వ కాలమ్ 70 నుంచి 90 మధ్య ఉన్న వరుసలు పట్టుకుని, ఆ టైములో తీసిన ఫ్రేములు గ్యాలరీలో వెతకండి. మన పగలు కనిపించే ఫొటో ఉంటే అక్కడే ఉండాలి.